మూసిన ఫైలుకు వచ్చిన ఉత్తరాలు

జూన్ 30

రికార్డు గదిని వచ్చే నెలాఖరుకు ఖాళీ చేయాలి. భవనం యజమాని ఆ గది వెనక్కి కావాలంటున్నాడని లాయరమ్మ ఈ ఉదయం చెప్పారు. ముప్పై ఒక్క ఏళ్ళుగా నేను కూర్చుంటున్న గది అది. తల ఊపాను. అంతకు మించి ఏమీ చేయాలని తోచలేదు.

"ఎన్ని ఫైళ్ళుంటాయి ఆంటీ లోపల?" అని అడిగారు. పలక పట్టుకుని వాళ్ళ నాన్నగారి వెంట ఆఫీసుకు వచ్చిన నాటి నుంచి నన్ను ఆంటీ అనే పిలుస్తారు.

"రెండు వేల మూడు వందల నలభై ఒకటి."

"సుమారుగా చెప్పినా చాలు."

"సుమారుగానే చెప్పానమ్మా. మీ టేబుల్ మీదున్నవి కలపలేదు."

ఆమె నవ్వారు. పెద్ద లాయరుగారు పోయి ఐదేళ్ళయినా ఆయన పెట్టిన నియమాలే నడుస్తున్నాయి. కేసు ముగిశాక పన్నెండేళ్ళు ఫైలు ఉంచాలి. మైనరు కక్షిదారులకైతే వాళ్ళకు పద్దెనిమిది నిండిన నాటి నుంచి లెక్క. వీలునామా అసలు ప్రతి ఏనాటికీ పారేయకూడదు. గడువు తీరిన ఫైలునైనా నోటీసు ఇవ్వకుండా తునకలు చేయకూడదు. వచ్చి తీసుకుంటారో, వద్దంటారో వాళ్ళ ఇష్టం. జూలై 31న తునకలు చేసే కంపెనీ బండి వస్తుంది.

ఈ ఆఫీసులో నా చేతి మీదుగా ఒక్క తేదీ కూడా తప్పు పడలేదు. చివరి నెలలో కూడా పడనివ్వను.

జూలై 3

గడువు తీరినవి ఆరు వందల పన్నెండు. నోటీసులు ఎలా పంపాలో టైపిస్టుకు కాగితం మీద రాసి ఇచ్చాను: అట్ట మీది మొదటి పేరుకు, ఫైలులో కనిపించే చివరి చిరునామాకు, రిజిస్టర్డ్ పోస్టులో పంపవలెను. ఆమె వేళ్ళ వేగం చూసి ఆఫీసంతా ఆమెను ఎక్స్‌ప్రెస్ అంటారు.

"చదివి చూడక్కర్లేదా మేడమ్ లోపల?" అంది.

"మనం చదవకూడదు. పేరు, చిరునామా. అంతే."

"హమ్మయ్య. ఒక్కొక్కరి కాపురం చదువుకుంటూ కూర్చుంటే నా కాపురం కూలిపోయేది."

జూలై 5

నోటీసులన్నీ వెళ్ళాయి. సంతకం నాది.

జూలై 8

417వ ఫైలు నోటీసుకు రసీదు కార్డు తిరిగి వచ్చింది. ముట్టినట్టు సంతకం ఉంది.

జూలై 9

నిన్న రెండు ముక్కలకు మించి రాయలేకపోయాను. వరుసగా రాస్తాను.

417 నా చెల్లెలి కేసు. అట్ట మీద మొదటి పేరు ఆమెది కాదు. ఎవరి గురించి కేసో ఆ పేరు ముందు రాయడం మా ఆఫీసు పద్ధతి. అది ఆమె మొదటి భర్త పేరు. అతనిది తాళాలు బాగుచేసే పని. ఇంట్లో అందరం తాళాలాయన అనేవాళ్ళం. ఇరవై ఏళ్ళ క్రితం ఒక ఉదయం పనిపెట్టె పట్టుకుని వెళ్ళాడు. మళ్ళీ రాలేదు.

ఒక మనిషి గురించి సహజంగా వినవలసినవారెవరూ ఏడేళ్ళ పాటు ఏమీ వినకపోతే, అతడు మరణించినట్టే భావించవచ్చునని చట్టం. ఏడేళ్ళు నిండాక పిటిషన్ వేయమని చెల్లెలికి చెప్పింది నేనే. పదమూడేళ్ళ క్రితం ఆగస్టు 6న తీర్పు వచ్చింది. చట్టం దృష్టిలో అతను మరణించాడు. ఆ తరవాత రెండేళ్ళకు చెల్లెలు మళ్ళీ పెళ్ళి చేసుకుంది.

చనిపోయిన మనిషికి నోటీసు ఎలా వెళ్ళింది? ఎక్స్‌ప్రెస్ తప్పు లేదు. అట్ట మీది మొదటి పేరు రాసింది. చివరి చిరునామా కోసం ఫైలు వెనుక అంటించిన సంచిలో చూసింది. అందులో పదమూడు కవర్లు ఉన్నాయి. ఏటా జూలైలో ఒకటి చొప్పున వచ్చాయి. పైన మా ఆఫీసు చిరునామా, 417 అన్న అంకె. వెనుక పంపినవారి పేరు లేదు. "గది 9, గూడ్స్ షెడ్డు వెనక" అని మాత్రం ఉంది.

అవి ఎవరూ తెరవలేదు. అది కూడా నియమమే. తీర్పు తరవాత వచ్చిన ఉత్తరాన్ని గుమాస్తా తెరవకూడదు. తేదీ ముద్ర వేసి, వెనుక సంచిలో ఉంచి, కక్షిదారుకు కబురు చేయాలి. కక్షిదారు మా ఇంట్లోనే, కింది వాటాలో ఉంటుంది కనుక నోటితో చెబుదామనుకున్నాను. ఏటా అనుకున్నాను.

కార్డు మీది సంతకాన్ని, ఫైలులోని పెళ్ళి నమోదు కాగితం మీది సంతకాన్ని పక్కపక్కన పెట్టి భూతద్దంతో చూశాను. చివరి అక్షరాన్ని కిందికి లాగి కొక్కెంలా తిప్పడం రెండింటిలోనూ ఒక్కలాగే ఉంది.

ఎవరో ఆకతాయి పని కావచ్చు.

జూలై 10

మొదటి కవరు పదమూడేళ్ళ క్రితం ఆగస్టు 9న వచ్చింది. అంటే తీర్పు వెలువడిన మూడు రోజులకు. రిజిస్టరులో అలాగే ఉంది.

జూలై 12

మా ఇంట్లో లోపలి తలుపులకు గడియలు లేవు. ఇల్లు కట్టేటప్పుడే చెల్లెలు వద్దంది. స్నానాల గదికి కూడా ఒక తాడే. లోపల ఉన్నవాళ్ళు పాట పాడుతూ ఉండాలి, అదే గడియ. ఇప్పటి మరిది స్కూలు బస్సు నడుపుతాడు. ఆయనకు రెండు పాటలే వచ్చు.

"పెద్దమ్మా, నాన్న పాట మళ్ళీ మొదటికొచ్చింది. ఇంకా తల రుద్దుకోలేదన్నమాట" అని చెల్లెలి కూతురు మెట్ల మీది నుంచి నాకు వార్తలు చదివింది. దానికి తొమ్మిదేళ్ళు.

భోజనాల దగ్గర చెల్లెలు నన్ను గమనించింది. కళ్ళాసుపత్రిలో నర్సు. ఎవరి చూపు ఎటు పోతోందో ఇట్టే పట్టేస్తుంది.

"ఏంటక్కా, కంచంలో ఫైలేమైనా కనబడుతోందా? అలా తిరగేస్తున్నావు."

"పని ఎక్కువగా ఉంది."

"నీకు పని తక్కువైనప్పుడే నాకు భయం. ఎక్కువైతే ఏం కాదులే, తిను."

చెబుదామనుకున్నాను. మరిది మూడో పాట నేర్చుకుంటానని మొదలుపెట్టాడు. అందరూ చెవులు మూసుకున్నారు.

జూలై 14

మధ్యాహ్నం ఆఫీసుకు ఫోను వచ్చింది. ఎక్స్‌ప్రెస్ తీసింది.

"ఎవరో అండీ, 417 ఇంకా ఉందా అని అడిగాడు. ఉందన్నాను. ఆ గది తలుపుకి ఏ తాళం వేస్తారు అన్నాడు. నాకేం తెలుసండీ, మేడమ్‌ని అడగాలి అన్నాను. పెట్టేశాడు."

"గొంతు ఎలా ఉంది?"

"రేడియోలో వాతావరణం చెప్పినట్టుంది. కోపం లేదు, తాపం లేదు. రేపు జల్లులు పడతాయి అన్నట్టు."

సాయంత్రం రికార్డు గదికి తాళం వేసి నాలుగు మెట్లు దిగాక, వెనక్కి వెళ్ళి లాగి చూశాను. పడే ఉంది. మళ్ళీ లాగి చూశాను.

జూలై 15

సగం రోజు సెలవు పెట్టాను. నోటీసు ఎవరికి ముట్టిందో నిర్ధారించుకోవడం నా విధిలో భాగమే. అందుకే వెళ్ళాను.

గూడ్స్ షెడ్డు వెనుక ఒకే కప్పు కింద పన్నెండు గదులు. ఎండ నిలువునా పడుతోంది. కొన్నిట్లో గోనె సంచులు, కొన్నిట్లో పాత యంత్రాలు. ఎనిమిదో గదిలో కాటాలు బాగుచేసే ముసలాయన పళ్ళెంలో తూకపు రాళ్ళు పెట్టి తీస్తున్నాడు. తొమ్మిదో గది తలుపుకు రంగు కొత్తగా వేసి ఉంది. పైన ఒక తాళం, కింద ఒక తాళం. కిటికీ ఉండవలసిన చోట కొత్త ఇటుకలు.

"ఆయన పొద్దున్నే పోతాడమ్మా. చీకటి పడితే గానీ రాడు" అన్నాడు కాటాలాయన.

"ఎప్పటి నుంచి ఉంటున్నారు?"

"నాకంటే ముందు నుంచే. మంచివాడే. గట్టిగా మాట్లాడగా వినలేదు. నా తలుపుకి ఊరికే గొళ్ళెం బిగించి పెట్టాడు. అయితే చాదస్తం. లోపల వజ్రాలున్నట్టు రెండు తాళాలు. నేనొకసారి చూశాను, ఒక మంచం, ఒక నీళ్ళ కుండ, ఒక గిన్నె, ఒక దుప్పటి. అవి కూడా ఆయన వాడడు, వరండాలో పడుకుంటాడు. ఎవరున్నారయ్యా లోపల, రెండేసి తాళాలు వేస్తావు అని ఎగతాళి చేశాను."

"ఏమన్నారు?"

"ఇంకా ఎవరూ లేరు, అన్నాడు."

నేను వచ్చానని చెప్పవద్దన్నాను. కాటాలాయన నా ముఖం చూసి, అడక్కుండానే స్టూలు జరిపాడు. కాసేపు కూర్చున్నాను. 

జూలై 16

ఇంకా ఎవరూ లేరు.

జూలై 17

ఫైళ్ళు కట్టలు కడుతుంటే లాయరమ్మ వచ్చి ఎదురుగా కూర్చున్నారు.

"నాన్నగారు పన్నెండేళ్ళని ఎందుకు పెట్టారాంటీ? చాలామంది ఏడే ఉంచుతారు."

"పన్నెండేళ్ళలో మనిషి వేరే మనిషి అవుతాడనేవారమ్మా. అప్పుడు ఆ కాగితాలు ఎవరివో కూడా తెలియదనేవారు."

"నాకైతే పన్నెండు కూడా ఎక్కువే. అవసరం తీరాక వాళ్ళ రహస్యాలు మన దగ్గర ఎందుకు? ఒకరి ఇంటి గుట్టు మీద మనం కాపలా కూర్చోవడమేంటి?"

"అవసరం తీరిందని ఎవరు చెప్పాలి?"

"వాళ్ళే."

"వాళ్ళకు తెలియని కాగితం ఫైలులో ఉంటే?"

లాయరమ్మ కళ్ళజోడు తీశారు. "అలాంటిది మన ఆఫీసులో ఉండదుగా, ఆంటీ?"

"ఉండదు" అన్నాను.

మొదటి కవరు ఆగస్టు 9. రిజిస్టరులో అలాగే ఉంది.

జూలై 19

పద్నాలుగోది వచ్చింది. ఈసారి పైన 417 మాత్రమే కాక, "రికార్డు కీపరు గారికి" అని కూడా ఉంది. నోటీసు మీద సంతకం నాది కనుక ఇది నాకు వచ్చిన ఉత్తరం. తెరవడానికి ఏ నియమమూ అడ్డు లేదు. తెరిచాను.

"ఉన్నాను. 31న ఫైలు తీసుకోవడానికి వస్తాను."

ఇప్పుడు రాయాలి. ఇక్కడ కూడా రాయకపోతే ఇంకెక్కడా రాయను.

మొదటి కవరు ఆగస్టు 9న రాలేదు. పదమూడేళ్ళ క్రితం ఇదే రోజున, జూలై 19న వచ్చింది. తీర్పుకు పద్దెనిమిది రోజుల ముందు. "ఈ వ్యక్తి గురించి తెలిసినవారు ఈ ఆఫీసుకు తెలియజేయగలరు" అని కోర్టు ఆదేశంతో పేపరులో ప్రకటన వేయించాం. కింద ఫైలు నంబరు ఇచ్చాం. వారానికి ఈ కవరు వచ్చింది. 417లో ఏడు అంకెకు నడుము దగ్గర అడ్డగీత ఉంది. తాళంచెవుల బిళ్ళల మీద అతను అంకెలు అలాగే చెక్కేవాడు. చూడగానే తెలిసింది.

కేసు నడుస్తుండగా వచ్చిన ఉత్తరాన్ని ఆ రోజే తెరిచి లాయరుగారి ముందు పెట్టాలి. పెడితే ఏడేళ్ళ లెక్క అక్కడితో చెల్లదు. వినవలసినవాళ్ళు విన్నట్టే. తెరవకపోతే విననట్టే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. సొరుగులో పెట్టాను. తీర్పు వచ్చాక మూడో రోజున బయటికి తీసి, ఆ రోజు తేదీ ముద్ర వేసి, రిజిస్టరులో ఎక్కించి, సంచిలో పెట్టాను. పోస్టాఫీసు ముద్ర మాత్రం నా మాట వినదు. కవరు మీద అలాగే ఉంది: జూలై 17.

జూలై 20

ఆదివారం. కింద నుంచి పాట వినిపించింది. నేను దిగలేదు.

జూలై 21

417ను తునకలకు వెళ్ళే కట్టలో పెట్టాను. గడువు తీరింది. నోటీసు ఇచ్చాను. నియమం ప్రకారం తప్పేమీ లేదు.

కట్ట కట్టాక అందులో ఏమేమి ఉన్నాయో గుర్తుకు రావడం మొదలైంది. చూడక్కర్లేదు, పేజీల వరుస నాకు కంఠతా వచ్చు. పేజీ 14: పక్కింటావిడ వాంగ్మూలం. మూడేళ్ళ పాటు అతను పనికి వెళ్ళేటప్పుడల్లా భార్యను లోపల ఉంచి బయట తాళం వేసేవాడని. పేజీ 17: డాక్టరు కాగితం. అతను వెళ్ళిపోయినప్పుడు కూడా తాళం వేసే వెళ్ళాడు. రెండు రోజులకు ఆమెను బయటికి తెచ్చేసరికి పెదవులు పగిలి, నాలుక పిడచకట్టుకుపోయి ఉందని. పేజీ 21: తలుపు ఫోటో. పేజీ 22: తలుపు ఎలా తెరుచుకుందో చెప్పిన రెండో సాక్షి వాంగ్మూలం. రెండో సాక్షిని నేను.

ఆ పక్కింటావిడ ఇప్పుడు లేదు. ఆ డాక్టరూ లేడు. కోర్టులో పాత కేసుల సాక్ష్యం కాగితాలు ఎన్నడో తీసేశారు, తీర్పు ఒక్కటే మిగిల్చారు. ఇవి పోతే, 31న అతను వచ్చి నా భార్య ఏది అని నిలబడితే చెల్లెలి చేతిలో ఏమీ ఉండదు. ఇవి ఉంటే నా ముద్ర కూడా ఉంటుంది. కవరును మాత్రం చించేసి మిగతావి ఉంచవచ్చు. ఆ ఆలోచన కూడా వచ్చింది. వచ్చిందని రాస్తున్నాను.

జూలై 22

కట్ట విప్పాను. ఫైలును సంచిలో పెట్టుకుని కళ్ళాసుపత్రికి వెళ్ళాను.

భోజన విరామంలో చెల్లెలు బయటి బల్ల దగ్గరకు వచ్చింది. వరండా పొడుగునా ఒక కంటికి గాజుగుడ్డ కట్టుకున్నవాళ్ళు వరుసగా కూర్చున్నారు. అందరూ రెండో కంటితో మమ్మల్ని చూస్తున్నట్టనిపించింది. మొత్తం చెప్పాను. తేదీలతో సహా. చెల్లెలు చివరి దాకా విని, జేబులోంచి కట్లు కత్తిరించే కత్తెర తీసి పదమూడు కవర్లూ ఒకదాని తరవాత ఒకటి కోసింది. ఆమె కక్షిదారు. ఆ హక్కు మొదటి నుంచీ ఆమెదే.

పన్నెండింటిలో అవే రెండు మాటలు. "ఉన్నాను. వస్తాను."

మొదటిదానిలో మాత్రం ఇంకొంచెం ఉంది. "పేపరులో నా పేరు చూశాను. నేను ఉన్నాను. నేను వచ్చే వరకు ఆ తలుపు ఎవరూ తీయవద్దు."

అప్పటికి అతను వెళ్ళి ఏడేళ్ళు.

చెల్లెలు ఆ కాగితాన్ని మడతల మీదే మళ్ళీ మడిచింది. "నేనింకా లోపలే ఉన్నాననుకుంటున్నాడక్కా" అంది. తరవాత, "ఇవి ఎవరి ఉత్తరాలు?"

"నీ కేసువి."

"పదమూడేళ్ళు నేను ఊళ్ళో తిరిగాను. పిల్లను బడికి పంపాను. ఆ మనిషి గూడ్స్ షెడ్డు దగ్గరున్నాడు, నాకు తెలీదు. నీకు తెలుసు. నేను ఏ దారిలో వెళ్ళాలో, ఎప్పుడు భయపడాలో నువ్వే చూసుకున్నావు."

"నీ మేలు కోరే చేశానే."

"వాడూ అదే అనేవాడు" అంది.

గంట కొట్టారు. లోపలికి వెళ్ళిపోయింది.

జూలై 23

కింది నుంచి పిలుపు రాలేదు.

జూలై 24

రాలేదు. పిల్ల మెట్ల దాకా వచ్చి, అమ్మ పిలిస్తే వెనక్కి వెళ్ళింది.

జూలై 25

చెల్లెలు ఆఫీసుకు వచ్చింది. నా వైపు చూడకుండా లాయరమ్మ గదిలోకి వెళ్ళి, అరగంట తరవాత నన్ను పిలిపించింది.

లాయరమ్మ ముందు పద్నాలుగు కాగితాలు పరిచి ఉన్నాయి. "ఆ రోజు నేనడిగానాంటీ" అన్నారు. అంతే అన్నారు. 

తరవాత చెల్లెలితో మాట్లాడారు. "ఇప్పుడు మీరు నోరు మెదపకపోతే, బతికున్నానని అతనే నిరూపించుకోవాలి. అతని దగ్గర కాగితాలేవీ ఉండకపోవచ్చు. ఊరుకుంటే ఏళ్ళు గడిచిపోవచ్చు. మనంతట మనమే కోర్టుకి చెబితే పాత తీర్పు పోతుంది. మీ రెండో పెళ్ళి చిక్కులో పడుతుంది. విడాకులు తీసుకుని, మళ్ళీ నమోదు చేసుకోవాలి."

"మా ఆయనకి చెప్పాను" అంది చెల్లెలు. "మళ్ళీ నిన్నే చేసుకోవాలా, వేరే సంబంధాలు కూడా చూడొచ్చా అన్నాడు. తరవాత గిన్నెలన్నీ కడిగాడు. కడిగినవే మళ్ళీ కడిగాడు."

"ఆలోచించుకోండి. తొందర లేదు."

"ఆలోచించే వచ్చానండీ. ఏటా పోస్టు వచ్చే నెలలో గుండె గుప్పెట్లో పెట్టుకుని ఎవరో ఒకరు బతకాలి కదా. ఇన్నాళ్ళూ మా అక్క బతికింది. ఇక చాలు. 31న వస్తానన్నాడుగా, రానివ్వండి. నేనే కూర్చుంటాను."

నా వాంగ్మూలం నేనే రాశాను, జూలై 19తో మొదలుపెట్టి. లాయరమ్మ చదివి, సంతకం చోటు చూపించి, "31 దాకా మీ పని పూర్తి చేయండాంటీ. ఆ తరవాత..." అని ఆగిపోయారు. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. రానక్కర్లేదన్న మాట ఆమెతో అనిపించడం ఇష్టం లేక, ఇక రానని నేనే అన్నాను.

జూలై 28

కట్టలు 58. మిగిలినవి జాబితా ప్రకారం సరిపోయాయి.

జూలై 31

ఉదయం పదింటికి బండి వచ్చింది. దానిలోనే యంత్రం. కట్టలు కిందికి మోస్తుంటే ఆ చప్పుడు కిటికీ అద్దాల్లోంచి వినిపిస్తూనే ఉంది. ఏదో పెద్ద జంతువు తీరిగ్గా నములుతున్నట్టు.

చెల్లెలు ఎక్స్‌ప్రెస్ కుర్చీలో కూర్చుంది. లాయరమ్మ తన గది తలుపు తెరిచి ఉంచారు. నేను అల్మరా పక్కన నిలబడ్డాను.

పదకొండుంబావుకు అతను వచ్చాడు. జుట్టు పూర్తిగా తెల్లబడింది. ఇస్త్రీ చొక్కా, చేతిలో పనిపెట్టె. గుమ్మంలో ఆగి మమ్మల్ని కాదు, తలుపు తాళాన్ని చూశాడు. వేలితో దాని అంచు ఒకసారి తడిమాడు. తరవాత లోపలికి వచ్చాడు.

"417 కోసం వచ్చాను."

"కూర్చోండి" అంది చెల్లెలు.

కూర్చున్నాడు. నోటీసు తీసి బల్ల మీద పెట్టి, మడతలు అరచేత్తో సాపు చేశాడు. ఆమెకూ అతనికీ మధ్య మూడడుగుల బల్ల. ఆమెను చూశాడు, కిటికీని చూసినట్టు. గుర్తుపట్టలేదు. మూడేళ్ళు తాళం వేసి ఉంచిన మనిషిని గుర్తుపట్టలేదు.  అతను చూసుకున్నది ఎప్పుడూ తలుపునేనేమో.

"ఈ ఫైలు మీది కాదండీ. మీ గురించినది" అంది చెల్లెలు. "నోటీసు పొరపాటున మీకు వచ్చింది."

"అట్ట మీద నా పేరుంది."

"ఉంది. అయినా మీది కాదు."

"నేను ఉన్నాను" అన్నాడు. ఎక్స్‌ప్రెస్ చెప్పింది నిజం. వాతావరణం చెప్పినట్టే ఉంది.

"ఉన్నారు. ఆ సంగతి కోర్టుకి నేనే చెబుతున్నాను. ఆగస్టు 18న రావాలి. ఇదిగో కాగితం. మీరు బతికే ఉన్నారని రాయించాక మీ నుంచి విడాకులు అడుగుతాను. చచ్చిపోయారని చెప్పి వదిలించుకోవడం నాకొద్దు."

అప్పుడు అతను ఆమె ముఖాన్ని చూశాడు. చాలాసేపు చూశాడు. కింద యంత్రం ఆగింది, మళ్ళీ మొదలైంది.

"తలుపు ఎలా తీశావు?" అన్నాడు.

పనిపెట్టెను ఒళ్ళోకి తీసుకున్నాడు.

"ఆ తాళం లోపల్నుంచి రాదు. రెండుసార్లు చూసి వేశాను. కిటికీ ఊచలు నేనే బిగించాను. ఎటు నుంచి వచ్చావు?" కోపం లేదు. చిక్కు లెక్క పక్కన ఇరవై ఏళ్ళు కూర్చున్నవాడిలా ఉన్నాడు. ఎందుకు వెళ్ళాడో చెప్పలేదు. ఎలా ఉన్నావని అడగలేదు.

"ఇరవై రెండో పేజీలో ఉంది" అంది చెల్లెలు. "కోర్టులో చదువుతారు. వినడానికి రండి."

కాగితం ముట్టినట్టు సంతకం పెట్టాడు. చివరి అక్షరాన్ని కిందికి లాగి కొక్కెంలా తిప్పాడు. లేచి గుమ్మం దాకా వెళ్ళి, తిరిగి, "ఇప్పుడే చెప్పవచ్చుగా" అన్నాడు.

చెల్లెలు తల అడ్డంగా ఊపింది. మెట్ల మీద అతని అడుగులు ఒకే వేగంతో దిగిపోయాయి.

ఆమె కుడి చెయ్యి బల్ల కింద కుర్చీ అంచును పట్టుకుని ఉంది. ఎక్స్‌ప్రెస్ వచ్చి ఒక్కొక్క వేలూ విప్పింది. నేను కదలలేదు. ఆ పని నాది కాదనిపించింది.

మూడింటికి బండి వెళ్ళింది. ఆరు వందల పదకొండు ఫైళ్ళు. మిగిలిన ఒకదాన్ని లాయరమ్మ తన అల్మరాలో, నడుస్తున్న కేసుల అరలో పెట్టారు. నా తాళంచెవులు ఆమెకు అప్పగించాను. ఇన్‌వర్డు రిజిస్టరులో పదమూడేళ్ళ కిందటి ఆగస్టు 9 మీద ఎర్రసిరాతో గీత కొట్టి, పక్కన జూలై 19 అని రాసి, ఈ రోజు తేదీతో సంతకం పెట్టాను.

సాయంత్రం చెల్లెలు నాకు పది అడుగులు వెనకగా బస్టాపుకు నడిచింది. బస్సు దాదాపు ఖాళీగా ఉంది, ఎటు చూసినా సీట్లే. ముందు నేనెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఆమె ఎక్కి, ఖాళీ వరుసలన్నీ దాటి వచ్చి, నా పక్కన కూర్చుంది.